ఏనుగు పట్టు

ఏప్రిల్ 16

నిన్నటి నుంచి వేట బంద్. ఇక రెండు నెలలు బోట్లన్నీ జెట్టీలోనే. ఇంజిన్లు విప్పే కాలం ఇదే కాబట్టి నాకు మాత్రం పని ఉంది. అయినా మధ్యాహ్నం రెండింటికల్లా ఇంటికొచ్చి పడుతున్నాను. జూన్ ఒకటిన దువ్వాడ కాలేజీలో వీడియో గేమ్ పోటీ, ఇద్దరు తలపడే ఫైటింగ్ ఆట. గెలిచినవాడు హైదరాబాదు పోటీకి వెళ్తాడు. నిరుడు కృష్ణంరాజు వెళ్లాడు. కూర్మన్నపాలెంలో ఉంటాడు, నాన్న స్టీల్‌ప్లాంటు, అసలు ఊరు భీమవరం వైపు. చిన్నా పెద్దా అందరినీ అండీ అంటాడు. అలాంటివాళ్లని చూస్తే నాకు అనుమానం.

ఎక్కడ ఓడిపోతున్నానో తెలియాలని ఈ డైరీ. ఎవరికీ చూపించేది కాదు.

నేను ఆడించే మనిషికి ఆటలో ఏదో నోరు తిరగని పేరుంది. మేమంతా ఏనుగు అంటాం. నెమ్మదిగా నడుస్తాడు. దూరం నుంచి విసరడానికి వాడి దగ్గర ఏమీ లేదు. భుజం ముందుకు పెట్టి దూసుకెళ్లేటప్పుడు ఒక్క దెబ్బ తగిలినా ఆగడు. రెండోది తగిలితే ఆగిపోతాడు. అలా దెబ్బలు తింటూ దగ్గరికి చేరాక, వాడి అసలు విద్య పట్టు. స్టిక్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి గుద్దు బటన్ నొక్కాలి. అవతలివాడు చేతులు అడ్డం పెట్టుకున్నా సరే, పట్టి ఎత్తి నేలకేసి కొడతాడు. ప్రాణంలో మూడో వంతు పోతుంది. తప్పించుకోవాలంటే పట్టు పడేలోపే పైకి ఎగరాలి. వేరే దారి లేదు.

చిక్కెక్కడంటే, చుట్టు తిప్పేటప్పుడు స్టిక్ పైకి కూడా పోతుంది కదా. ఊరికే తిప్పితే ఏనుగే ఎగురుతాడు, నవ్వులపాలు. అందుకని ముందు ఒక చిన్న గుద్దు వేయాలి. ఆ చెయ్యి వెనక్కి వచ్చేలోపు చుట్టు తిప్పేయాలి. ఇది చేతికి రావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు నా చుట్టు ఎవడికీ కనపడదు.

మరి కృష్ణంరాజు ఎలా ఎగురుతున్నాడు?

ఏప్రిల్ 20

కూర్మన్నపాలెంలో కొండలరావు షాపు. ఒక టీవీ, ఒక సోఫా, సోఫా మీద నేనూ కృష్ణంరాజూ పక్కపక్కన. ఏడు ఆటల్లో అయిదు పోయాయి. నేను పదకొండు సార్లు పట్టుకి వెళ్తే తొమ్మిది సార్లు ఎగిరాడు. ఎగురుతాడు కదా అని పట్టు మానేసి తలతో పైకి కొట్టాను. ఏనుగు తల దెబ్బ గాలిలో ఉన్నవాడికే తగులుతుంది. అప్పుడేమో వాడు నేల మీదే నిలబడ్డాడు. అంటే నేను పట్టుకి వెళ్లేదీ వెళ్లనిదీ వాడికి ముందే తెలుసు.

అప్పలరాజు బావ నా వెనక నిలబడి పల్లీలు తింటున్నాడు. అన్ని ఆటలూ వెనకే నిలబడ్డాడు.

ఊరికే రాశాను. ఏమీ లేదు.

ఏప్రిల్ 23

బావ మా మేనమామ కొడుకు. బోటు మీద కళాసి. బంద్ కాబట్టి రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి నాతో ఆడుతున్నాడు. కృష్ణంరాజు ఆడించే మనిషినే ఆడిస్తాడు, నాకు అలవాటు కావాలని. వాడి మనిషిని పిట్ట అంటాం. నా స్టిక్ పెట్టె కూడా బావే తయారు చేశాడు. ప్లైవుడ్ కోసి, వైర్లు అతికి, పిడికి పాత వల బెండు చెక్కి పెట్టాడు. చేతికి చెమట పట్టినా జారదు.

బావ కూడా ఎగురుతున్నాడు. కాకపోతే ఒక్కోసారి ఎగరడు. ఎగరగలిగే చోట కూడా నిలబడి పట్టించుకుంటాడు. కావాలనే పట్టించుకుంటున్నట్టు ఉంటుంది. నేను బాగా ఆడుతున్నానని నాకు నమ్మకం కలిగించడానికా?

చెల్లి చంద్రిక లోపలి నుంచి అంది, "అన్నియ్యా, ఎవులితో మాటాడతన్నావ్?"

"నీ కాబోయే మొగుడితో," అన్నాను. బావ సిగ్గుపడి పిట్టని గోడకేసి కొట్టించుకున్నాడు.

ఏప్రిల్ 27

అమ్మకి ఆట అంటే పడదు. నిరుడు ఈ టీవీని సముద్రంలో పారేస్తానని మూడుసార్లు అంది. ఈ మధ్య మాత్రం నేను ఆట మొదలెట్టగానే చేపల బుట్ట తెచ్చుకుని గుమ్మంలో కూచుంటోంది. టీవీ వైపు చూడదు. వీధి వైపు తిరిగి కూచుని చేపలు వేరు చేస్తుంటుంది. చీకటి పడ్డా లేవదు. ఇవాళ నేను జెట్టీ నుంచి వచ్చేసరికి అమ్మా బావా ఏదో గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

"ఏటి?" అన్నాను.

"ఏటి లేదు నాయినా. ఎండ గురించి," అంది అమ్మ.

ఎండ గురించి గుసగుసలు ఎవరైనా ఆడతారా?

మే 4

నెట్‌లో కృష్ణంరాజు కనపడ్డాడు. నేను మా ఇంట్లో, వాడు వాళ్లింట్లో. బావ ఇవాళ రాలేదు. ఎనిమిది ఆటలు ఆడాం, అయిదు నావి! ఒక్కసారి కూడా సరిగ్గా ఎగరలేకపోయాడు. గుద్దు, చుట్టు, పట్టు. గుద్దు, చుట్టు, పట్టు. వాడే "బాగా ఆడారండీ" అని మెసేజ్ పెట్టాడు.

బావ వెనక లేనప్పుడు గెలిచాను. బావ వెనక ఉన్నప్పుడు ఓడాను. ఇది నేను పుట్టించింది కాదు, జరిగిందే రాస్తున్నాను.

మే 5

స్క్రూడ్రైవర్ పెట్టి స్టిక్ పెట్టె విప్పాను. లోపల ఏదైనా పెట్టాడేమో చూద్దామని. ఏం పెడతాడో నాకూ తెలీదు. వైర్లన్నీ వల దారంతో ముడేసి కట్టి ఉన్నాయి, ఒక్కో ముడి నాన్న వేసినట్టే. నాన్న దగ్గరే నేర్చుకున్నాడు మరి. మళ్లీ బిగించేశాను. ఒక స్క్రూ మిగిలిపోయింది.

మే 6

మావయ్య కబురు పెట్టాడు. జూన్ ఎనిమిది ఆదివారం, వేట తెరిచేలోపు, మాట తీసుకోవడానికి వస్తారట. చంద్రికనీ బావనీ చిన్నప్పటి నుంచి అందరూ అనుకున్నదే. వాళ్లిద్దరికీ ఇష్టమే. నాన్న లేడు కాబట్టి మాట నేను ఇవ్వాలి. నేను ఊఁ అంటేనే పెళ్లి.

ఇలాంటి సమయంలో నాకు ఈ అనుమానం వచ్చి పడింది. ఆటలో మోసం చేసేవాడు ఇంట్లో చెయ్యడని ఏమిటి? చంద్రిక లాబ్‌లో పని చేసి వచ్చి, అలసిపోయి కూడా, వాడి కోసం తల దువ్వుకుంటుంది.

మే 11

మళ్లీ కొండలరావు షాపు. ఆరింట్లో అయిదు పోయాయి. బావ వెనకే.

ఇవాళ టీవీ అద్దంలో చూశాను, తెర నల్లబడినప్పుడు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సైగ ఏమీ కనపడలేదు. కళ్లతో చేస్తున్నాడేమో.

మే 14

చూశాను. నా రెండు కళ్లతో చూశాను.

బోటు సామాను కోసం అగనంపూడి వెళ్తున్నాను. కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు ఆగింది. టీ బండి దగ్గర బావా కృష్ణంరాజూ. బావ వాడి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఏదో చెబుతున్నాడు, బతిమాలుతున్నట్టు. కృష్ణంరాజు తల ఊపుతున్నాడు. బస్సు కదిలింది.

సాయంత్రం బావ వచ్చాడు. "ఏటి బావా, ఇయ్యాల ఎక్కడికీ ఎల్లలేదా?" అని అడిగాను.

"నాను ఎక్కడికెల్తాను? ఇంటికాడే తొంగున్నాను," అన్నాడు.

అబద్ధం. మొహం మీద చెప్పాడు.

మే 15

అబద్ధం.

మే 18

ఇవాళ పొద్దున్న పెద్దవల వేశారు. ఇంజిన్ లేని నాటు పడవతో వేసే వల కాబట్టి దానికి బంద్ లేదు. పడవ వలని చుట్టూ తిప్పి వచ్చాక, ఒడ్డున ఇరవైమంది తాడు పట్టి లాగాలి. నన్ను కూడా పిలిచారు. మోకాలు నొప్పి అన్నాను. రెండేళ్లుగా అదే చెబుతున్నాను. ఎవరూ మళ్లీ అడగరు.

తాడు ముందు ఎప్పుడూ నాన్న నిలబడేవాడు. వల నిండా చేప కనపడుతున్నా లాగనిచ్చేవాడు కాదు. గట్టిగా అరిచేవాడూ కాదు. మెల్లగా ఏదో అనేవాడు, అది విని మేమందరం ఒక్కసారి వెనక్కి పడేవాళ్లం. ఆస్పత్రిలో ఆఖరి రోజున కూడా దుప్పటి అంచు పట్టుకుని ఉన్నాడు. ఇది ఎందుకు రాస్తున్నానో. ఓడిపోవడం గురించి రాద్దామని కదా కూచున్నాను.

మే 25

చెప్పేశాను. అందరి ముందూ చెప్పేశాను.

షాపులో మొదటి మూడు ఆటలూ పోయాయి. స్టిక్ పక్కన పెట్టి వెనక్కి తిరిగాను.

"నా ఎనకాల నిలబడి ఆడికి సైగలు సేత్తన్నావా బావా?"

"నానా? నీకా?" అన్నాడు. నవ్వాడు కూడా, వేళాకోళం అనుకుని.

"జంక్షన్‌లో ఆడితో టీ తాగినావా లేదా?"

నవ్వు పోయింది. "తాగినాను."

"ఇంటికాడ తొంగున్నానని ఎందుకు సెప్పినావు?"

పల్లీల పొట్లం మూతి మడిచాడు.

"ఏటి మాటాడుకున్నారు?"

"సెప్పలేను బావా."

"సేపల్ని అమ్మినట్టు నన్ను అమ్మీసినావు. రేపు నా సెల్లిని ఏటి సేత్తావో. ఆ ఎనిమిదో తారీకుకి మీరు రావక్కర్లేదు. నాను మాట ఇవ్వను."

కృష్ణంరాజు లేచి "అదికాదండీ" అని ఏదో అనబోతే బావ చేత్తో వద్దన్నాడు. అదిగో, అప్పుడు చూశాను సైగ! నా ముందే! పల్లీల పొట్లం టీవీ పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు. నాదీ అదే బస్సు, అయినా నేను ఇంకో బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను.

నాకేమీ బాధ లేదు.

మే 26

అమ్మ వంట చేసింది గానీ తినలేదు. చంద్రిక నాతో మాట్లాడలేదు. చెప్పులు వేసుకుంటూ ఒక్క మాట అంది.

"నువ్వు అయ్య సోట్లో కూకున్నావ్. అయ్య ఎవుల్నీ అలగ అనలేదు."

మధ్యాహ్నం ఒక్కణ్ణే ఆడాను. అమ్మ బుట్టతో వచ్చి గుమ్మంలో కూచుంది, ఎప్పటిలాగే, వీధి వైపు తిరిగి. ఇంత జరిగాక కూడా. ఈవిడ కూడా వాళ్లతో కలిసిందా, నా ఆట కనిపెట్టి చెబుతోందా అని ఒక్క క్షణం అనుకున్నాను. అమ్మకి ఏ బటన్ ఏదో కూడా తెలీదు. బుర్ర పాడైంది నాకు.

జూన్ 1

కాలేజీ హాలు. ఫైనల్లో కృష్ణంరాజు, నా పక్క కుర్చీలోనే. బావ రాలేదు. మా పేట నుంచి ఎవరూ రాలేదు. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు. ఇవాళ కదా వాడి బండారం బయటపడేది అనుకున్నాను.

మూడు సున్నా.

గుద్దు, చుట్టు, ఎగిరాడు. గుద్దు, చుట్టు, ఎగిరాడు. తల దెబ్బ, నిలబడ్డాడు. గోడకి ఆనుకుని కూచున్న నా వెనక నుంచి వాడికి ఎవరు సైగ చేస్తారు?

అందరూ వెళ్లాక కృష్ణంరాజు మెట్ల మీద నా పక్కన కూచున్నాడు. కప్పు ఒళ్లో పెట్టుకుని, ఏదో తప్పు చేసినవాడిలా.

"గంగరాజు గారూ, అప్పలరాజు గారికి మాటిచ్చానండీ, చెప్పనని. కానీ ఆయన్ని మీరు అన్న మాట విన్నాక నాకు నిద్ర పట్టట్లేదండీ. పట్టుకి వెళ్లే ముందు మీరు ఒక మాట అంటారు."

"నానేటి అన్నాను?"

"రాయే తల్లీ, అంటారండీ. చాలా మెల్లగా. పక్కన కూచుంటే వినపడుతుంది. ప్రతిసారీ. అది విని ఎగురుతాను. మీకు తెలిసే అంటున్నారనుకున్నాను మొదట్లో. మీకే చెబుదామనుకుంటే అప్పలరాజు గారు వచ్చి చెయ్యి పట్టుకుని బతిమాలారు, చెప్పొద్దని. ఎందుకో చెప్పలేదు."

నేను ఏమన్నానో గుర్తు లేదు. దువ్వాడ స్టేషన్‌లో రెండు రైళ్లు పోయేదాకా కూచున్నాను. నాన్న తాడు ముందు నిలబడి, మెల్లగా అనే మాట అది. రాయే తల్లీ. గంగమ్మని పిలవడం. ఆ మాట పడ్డాక లాగేవాళ్లం, అంతకుముందు ఎవడూ లాగకూడదు. నా నోట్లో అది ఎప్పటి నుంచి ఉంది? నెట్‌లో గెలిచానంటే అక్కడ వినపడదు కాబట్టి. ఇన్ని రాశాను, ఇన్ని లెక్కలు కట్టాను, నా నోరు నాకు వినపడలేదు.

జూన్ 2

చంద్రికని అడిగాను.

"నీకు తెల్దా?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. తర్వాత కూచుని చెప్పింది. సంక్రాంతి ముందు నుంచి అంటున్నానట. మొదటిసారి విన్నప్పుడు అమ్మ చేతిలో గిన్నె కింద పడేసిందట. అచ్చు నాన్న గొంతే, ఆ 'తల్లీ' దగ్గర కొంచెం విరిగే గొంతు. అమ్మ దగ్గర నాన్న ఫొటోలు ఉన్నాయి, గొంతు లేదు. ఫోన్‌లో ఎవరూ రికార్డు చేసి పెట్టుకోలేదు.

"బావ నీకు సెప్పీద్దామన్నాడు, ఓడిపోతన్నావని. అమ్మే ఆపింది. సెప్తే ఆడు మానేత్తాడ్రా, ఈ బంద్ రోజులైనా ఇననీ, అని ఏడిసింది. ఆ కిష్టంరాజుకి తెలిసిపోయిందని బావే ఎల్లి బతిమాలినాడు. ఇంకేటి సేత్తాడు మరి?"

అంటే నా అనుమానం నిజమే. నా వెనక మాట్లాడుకున్నారు, నా ఓటమి దాచారు, అవతలివాడితో ఒప్పందం చేసుకున్నారు. అన్నీ నిజమే. ఒక్క మనిషి దగ్గర మాత్రం నేను తప్పు. ఆ మనిషిని పదిమందిలో అమ్ముకునేవాడన్నాను.

బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

జూన్ 3

ఎత్తలేదు. వాళ్లింటికి వెళ్లాను. మావయ్య గుమ్మంలోనే నిలబెట్టి, "ఆడికి మనసు బాగోలేదు. ఆడొత్తేనే నాను వొత్తాను ఆదివారం. ఆడు రానంటే లేదు," అన్నాడు. నీళ్లు కూడా ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా.

జూన్ 5

మధ్యాహ్నం ఆట పెట్టాను, అమ్మ కోసమే. అమ్మ బుట్ట తెచ్చుకుని కూచుంది. గుద్దు వేశాను, చుట్టు తిప్పాను. నోరు కదల్లేదు. ఇరవై పట్లు పట్టాను, ఏనుగు అందరినీ ఎత్తి కొట్టాడు, ఒక్కసారి కూడా మాట రాలేదు. తెలిసిపోయాక రావడం లేదు.

చివరికి కావాలని అన్నాను. "రాయే తల్లీ."

నా గొంతే. ఉత్త నా గొంతు.

అమ్మ చేతులు ఆగాయి. కాసేపటికి బుట్ట ఎత్తుకుని లేచింది. "ఊరుకో నాయినా," అంది, నా తల మీద చెయ్యి పెట్టి. "ఆట ఆడుకో." లోపలికి వెళ్లిపోయింది. చేతికి చేపల వాసన. నేను చాలాసేపు ఏడ్చాను. ఏనుగు తెర మీద నిలబడి ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు.

జూన్ 7

రేపు ఆదివారం. బావ ఫోన్ ఎత్తలేదు. చంద్రిక చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. వస్తారని ఎవరూ చెప్పలేదు, అయినా చేసింది.

జూన్ 8

పొద్దున్న ఆరింటికి పెద్దవల వేస్తున్నారని విని ఒడ్డుకి వెళ్లాను. బావ తాడు మీద ఉన్నాడు, ముందు నుంచి మూడోవాడు. నేను వెళ్లి వాడి వెనక నిలబడి తాడు పట్టాను. తడి తాడు, ఉప్పు, ఇసుక. రెండేళ్లలో అరచేతులు మెత్తబడిపోయాయి, పట్టగానే మండాయి. నన్ను ఎవరూ మోకాలి సంగతి అడగలేదు.

"తప్పు నాదే బావా," అన్నాను వాడి వీపుతో. "నోటికొచ్చినట్టు వాగినాను. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే సెప్తన్నాను. నువ్వు నాకు ద్రోహం సెయ్యలేదు."

వాడు తిరగలేదు. ముందువాళ్లు విన్నారు, వాళ్లూ తిరగలేదు. వల దగ్గరపడుతోంది. ముందు నిలబడ్డ ముసలాయన లాగండి లాగండి అని అరుస్తున్నాడు, తాడు అటు కొంత ఇటు కొంత పోతోంది, అందరూ ఒక్కసారి పడడం లేదు. వల నడుము దగ్గర నీళ్లు రంగు మారాయి. చేప లోపలికి వచ్చింది గానీ ఇంకా తిరగలేదు. ఇప్పుడు లాగితే కింద నుంచి జారిపోతుంది. ఆగాలి. నా కాళ్లు ఇసుకలోకి దిగాయి. ఇంకా ఆగాలి. ఆట గుర్తు లేదు, బావ గుర్తు లేదు, నీళ్లనే చూస్తున్నాను. చేప తిరిగింది.

ముందున్న ముగ్గురూ ఒక్కసారి వెనక్కి పడ్డారు. వెనకున్నవాళ్లూ పడ్డారు. తాడు బిగిసి పాడింది. అందరూ కలిసి ఎందుకు లాగారా అనుకున్నాను. అప్పుడు తెలిసింది, ఆ మాట నేను అన్నానని.

బావ వీపు కదిలింది. ఇంకా తిరగలేదు. అలాగే అన్నాడు.

"గట్టిగా అనరా బావా. అత్తకి ఇనబడాల."

మళ్లీ అన్నాను. మళ్లీ లాగారు.

పదకొండింటికి మావయ్య వాళ్లు వచ్చారు, బావ ముందు నడుస్తూ, ఒంటి మీద ఇంకా ఇసుక. నేను నాన్న కూచునే చోట కూచుని మాట ఇచ్చాను. షాపు గొడవ తర్వాత మొదటిసారి చంద్రిక నా వైపు చూసి నవ్వింది. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి, పెన్ను సరిగా పట్టుకోలేకపోతున్నాను.

పొద్దున్న వల ఒడ్డుకొచ్చాక వెనక్కి తిరిగి చూశాను. అమ్మ వచ్చి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలీదు. దూరంగా ఇసుకలో బుట్ట పక్కన పెట్టుకుని, మా వైపు కాదు, ఊరి వైపు తిరిగి కూచుని ఉంది.